కాటా సర్వీసుకు ఎస్ఈలినక్స్ కాపలా: కొన్ని సీజన్లు వాడాక నా సమీక్ష

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కంప్యూటర్లు, నెట్‌వర్క్, సర్వర్లు చూసుకోవడం నా పని. నల్లగొండలో ఒకటి రెండు ఆఫీసులు కూడా ఉన్నాయి గానీ, నన్ను నిద్రపోనివ్వనివి మిల్లులే. ధాన్యం దిగే రోజుల్లో కాటా సర్వర్ అరగంట ఆగితే చాలు, ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద నిలబడతాయి. అలాంటి చోట ఎస్ఈలినక్స్‌ను (లినక్స్‌లో ఏ ప్రోగ్రాం దేన్ని ముట్టుకోవచ్చో కట్టడి చేసే భద్రతా వ్యవస్థ) ఎన్‌ఫోర్సింగ్‌లో, అంటే నిజంగా అడ్డుకునే మోడ్‌లో ఉంచి, కాటా సర్వీసుకు సొంతంగా పాలసీ, అంటే అనుమతుల నియమాలు రాసి నడుపుతున్నానంటే ఈ ఫీల్డులో ఉన్నవాళ్లే నవ్వుతారు. "ఎందుకన్నా ఆ తలనొప్పి, ఆఫ్ చేసి పడేయక" అంటారు. ఇన్ని సీజన్లు చూశాక నేను చెప్పేది ఒకటే. ఆఫ్ చేయొద్దు. కానీ సీజన్ నడుమ మొదలుపెట్టొద్దు కూడా.

సెటప్ చిన్నదే. వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్, దానికి యూఎస్‌బీ కన్వర్టర్, అది వచ్చి రాకీ లినక్స్ సర్వర్‌కు తగులుతుంది. అందులో ఒక డీమన్, అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ఇక్కడ కాటాడీ అందాం. బరువు చదివి మరియాడీబీ డేటాబేస్‌లో రాయడం, రెండో కౌంటర్‌కు నెట్‌వర్క్‌లో చూపించడం, చిట్టీ ప్రింటుకు పంపడం, రాత్రికి పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ వేయడం దాని పని. ఇదంతా రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా నడుస్తుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు అట్లనే ఇచ్చారు. వాళ్ల ఇన్‌స్టలేషన్ కాగితంలో మొదటి లైన్ ఏంటో తెలుసా? ఎస్ఈలినక్స్ డిజేబుల్ చేయండి అని. అదే పెట్టెలో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ కాపీలు ఉంటాయి. నెట్‌వర్క్‌లో పోర్టు తెరిచి కూర్చున్న రూట్ ప్రోగ్రాంను వాటి పక్కన వదిలేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

మామూలు లినక్స్ పర్మిషన్లు రూట్ ముందు పనిచేయవు. ఎస్ఈలినక్స్ వేరే దారిలో పోతుంది. ప్రతి ప్రాసెస్‌కు ఒక లేబుల్, ప్రతి ఫైలుకు ఒక లేబుల్. ఏ లేబుల్ ఏ లేబుల్‌ను ముట్టుకోవచ్చో పాలసీలో రాసి ఉంటేనే కుదురుతుంది, లేకపోతే రూట్‌కైనా కుదరదు. దీన్ని అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ 2000లో బయటికి విడుదల చేసింది, 2003లో 2.6 కెర్నల్‌లో కలిసిపోయింది. "గూఢచారుల సామాను మనకెందుకు" అని ఒక మిల్లు సేటు నన్ను నిజంగానే అడిగాడు. కోడ్ అంతా బయటే ఉంది, ఇన్నేళ్లుగా లోకమంతా చూస్తూనే ఉంది. పైగా 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లన్నింటిలో ఇది పూర్తి ఎన్‌ఫోర్సింగ్‌లోనే నడుస్తోంది. ఆ మాట నన్ను అడిగినప్పుడు ఆయన చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా.

చాలామంది పొరపడే చోటు ఒకటుంది. గెట్‌ఎన్‌ఫోర్స్ కమాండ్ కొడితే ఎన్‌ఫోర్సింగ్ అని వస్తుంది, ఇక మన సర్వీసు కూడా భద్రమే అనుకుంటారు. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపించే పీఎస్ కమాండ్‌కు పెద్ద జెడ్ ఆప్షన్ ఇచ్చి లేబుళ్లు చూడండి. డిస్ట్రోతో, అంటే రాకీ లినక్స్‌తో వచ్చిన అపాచీ వెబ్ సర్వర్, మరియాడీబీ వాటి వాటి డొమైన్లలో (ప్రాసెస్ లేబుల్‌నే డొమైన్ అంటారు) బుద్ధిగా ఉంటాయి. మనం బయటి నుంచి తెచ్చి పెట్టిన ప్రోగ్రాం మాత్రం అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టీ అని కనిపిస్తుంది. అంటే దాదాపు ఏ కట్టడీ లేనట్టే. దానికి పాలసీ రాసేదాకా ఎస్ఈలినక్స్ ఆన్‌లో ఉన్నా ఆ సర్వీసు వరకు ఒరిగేది పెద్దగా ఏమీ లేదు.

పాలసీ రాయడం అనగానే భయపడతారు గానీ, మొదలు సులువే. ఎస్ఈపాలసీ జనరేట్ అనే కమాండ్‌కు డీమన్ దారి చూపిస్తే అస్థిపంజరం తయారవుతుంది. నియమాలకు ఒక ఫైలు, లేబుళ్లకు ఒకటి, ఇంటర్‌ఫేసులకు ఒకటి, ఆర్‌పీఎం కోసం ఒకటి, అన్నీ కట్టి లోడ్ చేసే స్క్రిప్టు ఒకటి. అందులో కాటాడీ_టీ డొమైన్‌ను పర్మిసివ్ చేసే లైన్ ముందే ఉంటుంది. నాకు బాగా నచ్చింది అదే. సిస్టం మొత్తం ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంటుంది, ఈ ఒక్క డొమైన్‌ను మాత్రం ఆపకుండా, పాలసీలో లేని పనులను లాగ్‌లో రాసిపెడుతుంది.

ఆ లైన్‌ను ఎప్పుడు తీసేయాలన్నదే అసలు ప్రశ్న. ఇంటర్నెట్‌లో దొరికే గైడ్లు సర్వీసును కాసేపు నడిపి, వచ్చిన డినయల్స్ (నిరాకరణలు) చూసి, సరిచేసి, ఎన్‌ఫోర్స్ చేయమంటాయి. ఆఫీసు సర్వర్‌కు అది సరిపోతుందేమో. మిల్లుకు సరిపోదు. కాటా ప్రోగ్రాం ఏడాదంతా ఒకేలా పనిచేయదు మరి. వానాకాలం పంట అక్టోబర్ తర్వాత దిగుతుంది, యాసంగిది ఏప్రిల్, మే నెలల్లో. మధ్యలో అదే డీమన్ పడుకున్నట్టే ఉంటుంది. సీజన్ చివర పార్టీవారీగా లెక్కల పీడీఎఫ్ తీస్తారు. అప్పుడే అది మొదటిసారి ఫాంట్ల ఫోల్డర్ అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ ఫార్మాట్ కాబట్టి అందులో లేబుళ్లు నిలవవు, మొత్తానికి డాస్‌ఎఫ్ఎస్_టీ అని పడుతుంది, దానికి వేరే అనుమతి కావాలి. ఇవేవీ మొదటి వారంలో బయటపడవు. అందుకే ఒక వానాకాలం, ఒక యాసంగి పూర్తిగా పర్మిసివ్‌లో నడిపించి, లాగ్ మొత్తం చదివి, అప్పుడే ఆ లైన్ తీస్తాను. నెమ్మదే. కానీ ఎన్‌ఫోర్స్ చేశాక "సార్, బరువు వస్తలేదు, బయట బండ్లు లైన్ కట్టినయ్" అని గుమాస్తా నుంచి ఫోన్ రావడం దాదాపు ఆగిపోయింది.

లాగ్ చదవడం కష్టమంటారు. ఒక్క డినయల్ ఓపికగా చూస్తే అలవాటవుతుంది. ఏవీసీ డినైడ్ అని మొదలై, బ్రాకెట్లలో ఓపెన్ అని ఉంటుంది, అంటే తెరవబోయింది. కామ్ దగ్గర ప్రోగ్రాం పేరు కాటాడీ, పాత్ దగ్గర టీటీవైయూఎస్‌బీ0, అంటే మన యూఎస్‌బీ కన్వర్టర్. ఎస్‌కాంటెక్స్ట్‌లో కాటాడీ_టీ, అడిగింది ఎవరో అది. టీకాంటెక్స్ట్‌లో యూఎస్‌బీటీటీవై_డివైస్_టీ, దేన్ని అడిగిందో అది. టీక్లాస్ క్యారెక్టర్ డివైస్. చివర పర్మిసివ్ 1 ఉంటే రాసుకుని వదిలేసింది, 0 ఉంటే ఆపింది. అంతే. ఇక్కడే లేబుళ్ల గొప్ప కూడా తెలిసింది. ఎలక్ట్రీషియన్ కేబుల్ తీసి పెట్టినప్పుడు కన్వర్టర్ నంబర్ 0 నుంచి 1కి మారింది. డీమన్ సెట్టింగ్ మార్చాల్సి వచ్చింది గానీ, పాలసీలో చుక్క కూడా మార్చలేదు, ఎందుకంటే లేబుల్ అదే. ఇంకో మిల్లులో కన్వర్టర్ మానేసి కంప్యూటర్ వెనకున్న పాత సీరియల్ పోర్టుకే తగిలించారు. దాని లేబుల్ టీటీవై_డివైస్_టీ, అక్కడ కొత్త నియమం రాయక తప్పలేదు.

ఇక దీంట్లో నాకు ఒళ్లు మండించే విషయం. కొన్ని నిరాకరణలను లాగ్‌లో రాయొద్దని పాలసీలోనే ఉంటుంది, డోంట్‌ఆడిట్ అంటారు. కాటాడీ కొత్త వెర్షన్ పెట్టగానే, ఒక లైబ్రరీ దొరకలేదంటూ ఆగిపోయింది. లైబ్రరీ ఉండాల్సిన చోటే ఉంది, లాగ్‌లో ఏవీసీ డినయల్ ఒక్కటీ లేదు, చేత్తో నడిపితే నడుస్తోంది. సెమాడ్యూల్ కమాండ్‌కు డీబీ ఆప్షన్ ఇచ్చి డోంట్‌ఆడిట్ నియమాలు ఎత్తేస్తే అప్పుడు కనపడింది, నోయాట్‌సెక్యూర్ అనే నిరాకరణ. ఒక డొమైన్ నుంచి ఇంకో డొమైన్‌లోకి మారేటప్పుడు ఆ అనుమతి లేకపోతే కెర్నల్ ఆ ప్రోగ్రాంను సెక్యూర్ మోడ్‌లో మొదలుపెడుతుంది, అప్పుడు లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ సెట్టింగ్‌ను, లైబ్రరీలను తెచ్చిపెట్టే లోడర్ పట్టించుకోదు. వెండర్ స్క్రిప్టు దాన్నే నమ్ముకుంది. అనుమతి ఇవ్వకుండా, లైబ్రరీ దారిని సిస్టం మొత్తానికి వర్తించే ఎల్‌డీ కాన్ఫిగ్‌లో చేర్చి సరిచేశాను. పని రెండు నిమిషాలది, కారణం కనుక్కోవడానికి పట్టిన టెన్షన్ మాత్రం చెప్పలేను. ఎస్ఈలినక్స్‌కు మార్కులు తగ్గిస్తే నేను ఇక్కడే తగ్గిస్తాను.

ఆడిట్2అలౌ గురించి కూడా ఒక మాట. డినయల్స్ ఇస్తే అనుమతులు రాసిచ్చే టూల్ ఇది. మంచిదే, కానీ దానికి ఆలోచన లేదు. ఒక మిల్లులో డేటాను కొత్త డిస్కులోకి మార్చి, రూట్ డైరెక్టరీ (/) కింద కొత్త ఫోల్డర్‌లో పెట్టారు. అలాంటి ఫోల్డర్‌కు పాలసీలో ఏమీ రాసి ఉండదు కాబట్టి డిఫాల్ట్_టీ అని పడింది. ఆడిట్2అలౌను అడిగితే, కాటాడీకి డిఫాల్ట్_టీ ఫైళ్లన్నీ చదవనివ్వు, రాయనివ్వు అంటుంది. అది ఊరందరి ఇళ్లకూ ఒకే తాళంచెవి ఇచ్చినట్టు. నియమం జోలికి పోకుండా, సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో ఆ ఫోల్డర్‌కు సరైన లేబుల్ రాసి, ఆ లేబుల్‌ను ఫైళ్లకు వేసే రీస్టోర్‌కాన్ కొడితే సరి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇట్లాంటి లేబుల్ గొడవలే. ఇంటి ఫోల్డర్ నుంచి ఫైలును ఎమ్‌వీతో కదిపితే పాత లేబుల్ వెంట వస్తుంది, సీపీతో కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ పడుతుంది. కొత్త కుర్రాళ్లకు నేను ముందు నేర్పేది ఇదే.

మరి లాభం ఏమైనా కనపడిందా అంటే, నాకు కనపడింది ఒక చిన్న సంగతిలో. వెండర్ ఒక వెర్షన్‌లో సపోర్ట్ రిపోర్ట్ అనే బటన్ పెట్టాడు. అది నొక్కితే సిస్టం సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ మొత్తం కట్టగట్టి వాళ్ల సర్వర్‌కు పంపే ప్రయత్నం చేస్తుంది. అందులో షాడో ఫైలు, అంటే పాస్‌వర్డ్ హ్యాష్‌లు కూడా ఉంటాయి. దురుద్దేశం కాదు, బద్ధకం. డీమన్ రూట్ కాబట్టి మామూలు పర్మిషన్లు అడ్డం రావు. షాడో_టీ మీద డినయల్ పడి అక్కడే ఆగింది. పెద్ద ఉదాహరణ కావాలంటే 2019 ఫిబ్రవరిలో బయటపడిన రన్‌సీ లోపం ఉంది. రన్‌సీ అంటే కంటైనర్లను, అంటే విడిగా కట్టి నడిపే ప్రోగ్రాంలను మొదలుపెట్టే టూల్. కంటైనర్ లోపలి నుంచి హోస్ట్‌లోని రన్‌సీ ఫైలునే తిరగరాసే దాడి అది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో ఎస్ఈలినక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో ఉన్నవాళ్ల దగ్గర ఆ దాడి పారలేదు. అలాగని అన్నింటినీ ఆపదు. కాటాడీకి డేటాబేస్ వాడే అనుమతి ఉంది, దాని కోడ్‌లోనే ఎస్‌క్యూఎల్ లోపం ఉంటే బరువులు మార్చేయడాన్ని పాలసీ ఆపలేదు. కెర్నల్‌లోనే బొక్క ఉంటే కూడా అంతే.

నల్లగొండలో ఉబుంటు ఉన్న ఒక ఆఫీసులో ఎస్ఈలినక్స్ లాంటిదే అయిన యాప్‌ఆర్మర్ వాడుతున్నాను. 2010లో 2.6.36 కెర్నల్‌లో చేరింది. లేబుళ్లు లేవు, ఫైలు దారులే రాస్తాం, ప్రొఫైల్ చదివితే అర్థమైపోతుంది. ఒక్క సర్వీసు, ఒక్క మనిషి చూసుకునే చోట నేను దాన్నే పెట్టమంటాను. కేబుళ్లు, డిస్కులు, ఫోల్డర్లు ఎవరు పడితే వాళ్లు మార్చే మిల్లులో మాత్రం నాకు లేబుళ్లే నయం.

ఇప్పుడు కాటాడీకి ఆటో అప్‌డేట్ కూడా వచ్చింది. తన ఎగ్జిక్యూటబుల్‌ను తానే మార్చుకోవాలని చూస్తుంది. దానికి నేను అనుమతి ఇవ్వలేదు, ఇచ్చే ఉద్దేశం కూడా లేదు. జూన్‌లో మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, అప్‌డేట్ చేత్తో వేసి, రీస్టోర్‌కాన్ కొట్టి, డొమైన్‌ను మళ్లీ వానాకాలం అయ్యేదాకా పర్మిసివ్‌లో పెడతాను. దీనికి సర్వీస్ ఛార్జీ ఎందుకని సేటు ఏటా అడుగుతాడు, ఏటా ఇస్తాడు.