ఫైనల్ ఫాంటసీ 7, డ్రాగన్ క్వెస్ట్ 11: ముందు ఏది ఆడాలి?

జపాన్‌లో ఆర్పీజీలకు, అంటే ఒక పాత్రగా మారి కథలో సాగే వీడియో గేమ్‌లకు, పెద్దన్న డ్రాగన్ క్వెస్టే. 1986లో వచ్చింది. రాసింది యూజీ హోరీ, బొమ్మలు వేసింది 'డ్రాగన్ బాల్' కామిక్స్ గీసిన అకిరా తొరియామా. ఫైనల్ ఫాంటసీ పుట్టింది ఆ మరుసటి ఏడాది. అయినా అమెరికా, యూరప్‌లలో పెద్ద పేరు ఈ తమ్ముడికే దక్కింది.

గేమ్‌లో లోపముండి డ్రాగన్ క్వెస్ట్ అక్కడ వెనకబడిందంటే నేను ఒప్పుకోను. 1989లో అమెరికాకు వెళ్లినప్పుడు పేరు మార్చి 'డ్రాగన్ వారియర్' అన్నారు. ఇంగ్లిష్ కూడా మన గ్రాంథికంలాంటి పాతకాలపు ఇంగ్లిష్. 1992 నాటి ఐదో భాగమైతే అక్కడివాళ్ల చేతికి అందింది 2009లో! పదిహేడేళ్లు ఎవరు ఎదురుచూస్తారు?

ఫైనల్ ఫాంటసీ 7 మాత్రం 1997 జనవరిలో జపాన్‌లో, సెప్టెంబర్‌కల్లా అమెరికాలో ఉంది. మూడు సీడీలు, సోనీ భారీ ప్రచారం. మొదటి సీన్ చూస్తే చాలు, జనం ఎందుకు పడిపోయారో తెలుస్తుంది. పూలబుట్ట పట్టుకున్న అమ్మాయి చీకటి సందులోంచి వీధిలోకి వస్తుంది. కెమెరా పైపైకి లేస్తుంది, మిడ్గార్ నగరమంతా కళ్లముందు పరుచుకుంటుంది. మళ్లీ కిందికి దూకేసరికి స్టేషన్‌లో ఆగిన రైలు, దాని మీంచి దిగే హీరో క్లౌడ్. అప్పటిదాకా ఆర్పీజీ అంటే చిన్న చిన్న చుక్కల బొమ్మలే చూసినవాళ్లకు ఇది సినిమాయే.

మరి ఇవాళ మొదలుపెట్టేవాళ్లకు? నా ఓటు డ్రాగన్ క్వెస్ట్ 11కే.

7లో మనం ఆలోచిస్తూ కూర్చుంటే శత్రువు ఊరుకోడు, వాడి వంతు వాడు కొట్టేస్తాడు. ఆయుధంలో మటీరియా రాళ్లు పొదిగి ఎవరికి ఏ మంత్రం కావాలంటే అది ఇవ్వడం మాత్రం నేటికీ సాటిలేని ఏర్పాటు. ఆ గేమ్ ఇంగ్లిష్ అనువాదం హడావిడి పని, తప్పులు పంటికింద రాళ్లలా తగులుతాయి.

11లో ఆ హడావిడి లేదు. మన వంతు వచ్చిందంటే తాపీగా ఆలోచించుకోవచ్చు. ఓడిపోయినా చేతిలోని బంగారంలో సగమే పోతుంది, గుడిలో మళ్లీ లేస్తాం. అనువాదమైతే నాకు ప్రాణం. మనకు గోదావరి యాస, తెలంగాణ యాస ఉన్నట్టే అక్కడ ఊరికో మాటతీరు. గొండోలియాలో ఇటాలియన్ యాస, హొట్టో ఊళ్లో జనమంతా హైకూల్లోనే మాట్లాడతారు. జపాన్‌లో 2017లో మూగగా వచ్చిన గేమ్‌కు మరుసటి ఏడాది పడమటివాళ్ల కోసం ఇంగ్లిష్ గొంతులు కూడా పెట్టారు. ఇరవై ఏళ్ల కిందట లేని శ్రద్ధ ఇది.

కథ మెల్లగా మొదలవుతుంది, ఓపిక పట్టండి. కొనేటప్పుడు 11 'ఎస్' వెర్షనే తీసుకోండి. అందులో సంగీతం ఆర్కెస్ట్రాతో వినిపిస్తుంది, కావాలంటే గేమ్ మొత్తం పాతకాలపు 2డీ బొమ్మలతోనూ ఆడొచ్చు. ఉచిత డెమో కూడా పెద్దదే. నచ్చితే ఆ సేవ్‌తోనే అసలు గేమ్‌లో ముందుకు సాగొచ్చు.