బాల్కనీ మెష్ నుంచి చెత్తబుట్ట గొళ్లెం దాకా: ఆరేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లో ఒక కుక్క, రెండు పిల్లులు. కుక్క పేరు భైరవ, పిల్లులు చుక్క, బూడిద. వీటి క్షేమం కోసం ఆరేళ్లలో చాలా కొన్నాను, బిగించాను, కొన్నిటిని పారేశాను. ఎక్కువగా బాల్కనీ గురించే రాస్తాను. నేను అందరికంటే ముందు జాగ్రత్తపడ్డాననుకున్నది, అన్నిటికంటే పెద్ద పొరపాటు చేసింది అక్కడే.

మేము ఉండేది మూడో అంతస్తులో. చుక్క వచ్చిన వారానికే బాల్కనీకి నైలాన్ వల కట్టించాను. పావురాలు రాకుండా కట్టే వల అది. చవక, తేలిక, గాలికీ వెలుతురుకూ అడ్డం రాదు. మొదటి ఏడాది ఏ లోటూ కనిపించలేదు. రెండో ఏడాది ఎండ తగిలే వైపు దారాలు తెల్లబారాయి. ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్కసారి చేత్తో లాగి చూడలేదు.

ఒక ఉదయం బాల్కనీ తలుపు తీసేసరికి చుక్క తల, ఎడమ ముందుకాలు వల బయట ఉన్నాయి. తెగిన దారం ఒకటి మెడకు బిగుసుకుంది. అరవడం లేదు. వెనక గోళ్లతో గట్టును పట్టుకుని, నోరు కొద్దిగా తెరచి రొప్పుతోంది. పిలిస్తే బెదిరి ముందుకు ఉరుకుతుందేమోనని పిలవలేదు. అడుగుల చప్పుడు కాకుండా వెళ్లి, ఒక చేత్తో నడుము అదిమి పట్టుకుని, రెండో చేత్తో కత్తెర పెట్టి దారం కోశాను. మెడ మీద ఊడిన బొచ్చు మళ్లీ రావడానికి నెల పైనే పట్టింది.

పిల్లి ఎక్కడి నుంచి పడినా నాలుగు కాళ్ల మీదే వాలుతుంది, దానికేమీ కాదు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. 1987లో న్యూయార్క్ పశువైద్యులు ఎత్తయిన భవనాల నుంచి పడిన 132 పిల్లుల వివరాలు ప్రచురించారు. వైద్యం అందినవాటిలో దాదాపు 90 శాతం బతికాయి. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి. పడిన చోటే ప్రాణం పోయినవి ఆసుపత్రి లెక్కలోకి రావు. బతికినవాటికి కూడా ఊపిరితిత్తులకు దెబ్బ, దవడ పగలడం, కాలు విరగడం మామూలే.

ఆ వారంలోనే వల తీయించి, అల్యూమినియం చట్రంలో స్టెయిన్‌లెస్ స్టీల్ మెష్ పెట్టించాను. నాలుగేళ్లయింది. ఇంతవరకు ఒక్క తీగ తెగలేదు, తుప్పు రాలేదు. బూడిద దాని మీద గోళ్లు వేసి పైదాకా పాకుతుంది, అయినా చెక్కు చెదరలేదు. దుమ్ము బాగా పడుతుంది, వారానికోసారి తడిబట్టతో తుడవాలి. అసలు లోపం మెష్‌లో లేదు, బిగింపులో ఉంది. మూడో ఏడాది కింది మూలలో రెండు స్క్రూలు వదులయ్యాయి. భైరవ రోజూ ముక్కుతో నెట్టే చోటు అదే. ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం చట్రం చుట్టూ చేత్తో నొక్కి చూస్తాను. కిటికీలకు వేసిన దోమల మెష్ మాత్రం మూడు వారాలకే గోళ్లకు చిరిగింది. అది దోమలకే, పిల్లులున్న ఇంట్లో దాన్ని నమ్మకూడదు.

తరువాత చెప్పవలసింది చెత్తబుట్ట. కాలితో నొక్కితే మూత తెరుచుకునే బుట్ట కొన్నాను. భైరవకు దాన్ని పడదోయడం మూడు రోజుల్లో వచ్చేసింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కకూ పిల్లికీ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ద్రాక్ష కుక్క మూత్రపిండాలను పాడుచేస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. ఇవన్నీ చేరేది ఆ బుట్టలోకే. ఇప్పుడు బుట్టను సింకు కింది అల్మరాలో పెట్టి, పసిపిల్లలున్న ఇళ్లలో వాడే గొళ్లెం బిగించాను. ఐదేళ్లుగా చెక్కుచెదరలేదు. ఇంత చిన్న వస్తువు ఇంత పని చేయడం నేను మరెక్కడా చూడలేదు.

నేల తుడిచే ఫినాయిల్‌ను పూర్తిగా మానేశాం. నీళ్లలో పోస్తే తెల్లగా మారే రకాల్లో చాలావాటిలో ఫినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. పిల్లి కాలేయం వాటిని సరిగా విరగ్గొట్టలేదు, తడి నేల మీద నడిచిన పాదాలను అది నాకకుండా ఉండదు. పారాసిటమాల్ విషయంలోనూ అంతే. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు, అందుకే మా మందులన్నీ తాళం వేసే సొరుగులోకి వెళ్లాయి.

కుక్కా పిల్లీ కలిసి ఉండే ఇళ్లవాళ్లు తప్పక తెలుసుకోవలసినది ఒకటుంది. కుక్కలకు గోమార్లు పట్టకుండా మెడ వెనక వేసే చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకు హాని చేయని ఆ మోతాదు పిల్లికి వణుకు, మూర్ఛ తెప్పిస్తుంది. మా పిల్లులు భైరవ వీపు మీదే పడుకుంటాయి. పశువైద్యురాలు ఆ సంగతి చెప్పిన రోజు నుంచి పెర్మెత్రిన్ లేని మందే వాడుతున్నాం. డబ్బా మీద ఉన్న పేర్లు చదివాకే మూత తీస్తాను.

లిల్లీ పూలగుత్తి (మనం లిల్లీ అని పిలిచే నేలసంపెంగ కాదు, బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ) ఎవరు తెచ్చినా గుమ్మం దాటనివ్వం. ఆకు కొరికినా, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా, కుండీలో నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి.

రెండు పిల్లులకు మలమూత్రాల కోసం మూడు లిట్టర్ ట్రేలు పెట్టాం. మూత ఉన్న ట్రే వాసన రాదని కొంటే, రెండు పిల్లులూ దాన్ని ముట్టుకోలేదు. మా చెల్లి గర్భంతో ఉన్నప్పుడు కొన్నాళ్లు మా దగ్గరే ఉంది. పిల్లులను ఎవరికైనా ఇచ్చేయమని బంధువులు ఒత్తిడి చేశారు. వాళ్ల భయం కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పిల్లి మలంలో దాని గుడ్లు ఉన్నా, అంటుకునే దశకు చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. నేను రోజుకు రెండుసార్లు శుభ్రం చేశాను, చెల్లిని ట్రే జోలికి రానివ్వలేదు. బాబు ఆరోగ్యంగా పుట్టాడు, ఇప్పుడు వాడికి బూడిద తోకంటే ప్రాణం.

ఈ ఏడాది కొన్నవి రబ్బరు అడుగున్న చాపలు మాత్రమే. భైరవకు తొమ్మిదేళ్లు నిండాయి, నున్నటి టైల్స్ మీద వెనక కాళ్లు జారిపోతున్నాయి. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా వరసగా ఐదు చాపలు పరిచాను. మొదటి రెండు రోజులు వాసన చూసి పక్కనుంచి నడిచాడు. ఇప్పుడు రాత్రి లేచి, చాప మీద నుంచి చాప మీదకు అడుగులు వేస్తూ వెళ్లి నీళ్లు తాగి వస్తున్నాడు.