జీతం లేని గార్డు, 160 ఏళ్లు దాటిన ఇంజిన్: వేల్స్‌లో పొగబండ్ల యాత్ర

బ్రిటన్ వెళ్లినవాళ్లు లండన్, ఎడిన్‌బరో చూసి, ఓపిక ఉంటే లేక్ డిస్ట్రిక్ట్ కూడా చుట్టేసి వచ్చేస్తారు. మా ప్లాన్ కూడా మొదట అదే. అందులో వేల్స్ పడమటి తీరాన్ని ఇరికించింది నేను, అదీ బొగ్గు ఇంజిన్ల కోసం. అక్కడ రెండు చిన్న రైల్వేలు ఎక్కాం: టవిన్ ఊళ్లో టాలిల్లిన్, పోర్త్‌మడోగ్‌లో ఫెస్టినియోగ్. మొదటిది నాకు తెగ నచ్చింది. మా ఆవిడ ఓటు మాత్రం రెండోదానికే. ఇద్దరి వాదనా రాస్తాను, మీకు ఏది సరిపోతుందో చూసుకోండి.

ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇవి ప్రభుత్వం నడిపే టూరిస్ట్ రైళ్లు కావు. జీతానికి పనిచేసేవాళ్లు కొంతమంది ఉంటారు. మిగతా అంతా, అంటే టికెట్లు చూసేవారు, గార్డు, సిగ్నల్ దగ్గర నిలబడేవారు, ఇంజిన్‌లో బొగ్గు వేసేవారు, చాలావరకు వాలంటీర్లే. బ్రిటన్‌లో ఇలాంటి వారసత్వ రైల్వేలు వందకు పైగా ఉన్నాయి. ఆ పద్ధతికి దారి చూపింది టాలిల్లిన్.

దాని కథ తెలిస్తే ప్రయాణం ఇంకా బాగుంటుంది. కొండల్లో తవ్విన పలకరాయిని తీరానికి దించడానికి 1860లలో వేసిన లైన్ ఇది. పట్టాల మధ్య వెడల్పు (గేజ్) 2 అడుగుల 3 అంగుళాలే. 1911లో క్వారీతో పాటు రైల్వేని కూడా కొన్న సర్ హెన్రీ హేడన్ జోన్స్, తాను బతికున్నంత కాలం రైలు ఆగదని మాట ఇచ్చాడు. 1946లో క్వారీ మూతపడింది. అయినా ఆయన నష్టానికే బండి నడిపించాడు. 1948లో దేశంలోని పెద్ద రైల్వేలన్నీ జాతీయం అయినప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1950లో ఆయన పోయాక ఇక తుక్కు కింద అమ్మేయడమే అనుకుంటుండగా, టామ్ రోల్ట్ అనే ఇంజినీరు, రచయిత కొందరిని కూడగట్టి బర్మింగ్‌హామ్‌లో సమావేశం పెట్టించాడు. సంఘం ఏర్పడింది. 1951 మే 14న వాలంటీర్ల మొదటి రైలు కదిలింది. ఔత్సాహికులు కలిసి కాపాడుకున్న రైల్వేల్లో ప్రపంచంలోనే ఇది మొదటిది. 2026 మే నెలకు దానికి 75 ఏళ్లు.

అప్పట్లో నడిచే స్థితిలో ఉన్న ఇంజిన్ డోల్గోచ్ ఒక్కటే. పట్టాల కింద చెక్క స్లీపర్లు పుచ్చిపోయి, గడ్డీ మట్టీ పట్టుకుని ఉండబట్టే పట్టాలు పక్కకు జరగలేదని చెప్పుకుంటారు. ఆ డోల్గోచ్, దానికంటే వయసులో పెద్దదైన, రైల్వే పేరే పెట్టుకున్న టాలిల్లిన్ (1864 నాటిది) ఇప్పటికీ అదే లైన్‌కు చెందిన ఇంజిన్లు. మొదట పనిలో చేరినచోటే ఇన్నేళ్లు పనిచేసిన ఇంజిన్ని చూడటం నాకైతే కోటలు చూడటం కంటే ఎక్కువే.

ఇక వెళ్లడం సంగతి. లండన్ యూస్టన్ నుంచి బర్మింగ్‌హామ్, అక్కడి నుంచి వేల్స్ రైలు. సగం రోజు పోతుందనుకోండి. మహన్లెత్ స్టేషన్‌లో బండి రెండుగా విడిపోతుంది. ఒక సగం అబెరిస్ట్‌విత్‌కి, ఇంకో సగం తీరం వెంబడి మనకు కావలసిన వైపుకి. ఎక్కేటప్పుడే గార్డును అడిగి సరైన పెట్టెలో కూర్చోండి, లేకపోతే మధ్యలో సూట్‌కేసులు మోసుకుంటూ పరుగులు పెట్టాలి. మహన్లెత్ దాటాక కాసేపటికి కిటికీ పక్కన సముద్రం మొదలవుతుంది. ఆ దారిలో చిన్న స్టేషన్లు చాలావరకు రిక్వెస్ట్ స్టాపులు, చెయ్యి ఎత్తి ఆపాలి. రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే తరవాతి దానికి దాదాపు రెండు గంటలు.

టవిన్‌లో బస విషయంలో గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. మేం దిగిన బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ (పేరు వద్దులెండి) శుభ్రంగానే ఉంది కానీ, సాయంత్రం దాకా గది తాళం ఇవ్వలేదు, సామాను పెట్టుకోనివ్వడానికి కూడా మొహం చిట్లించారు. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్తే కింది గది ఉందో లేదో ముందే అడగండి. పొద్దున టిఫిను మాత్రం బాగా పెట్టారు: టోస్టు, బీన్స్, పుట్టగొడుగులు, గుడ్డు. శాకాహారులమని ముందు రోజే చెబితే ఇబ్బంది లేదు. రాత్రి భోజనానికే అవస్థ, దుకాణాలు తొందరగా కట్టేస్తారు. పోర్త్‌మడోగ్‌లో తిండికీ గదులకీ ఎంపిక ఎక్కువ. ఇప్పుడు మళ్లీ వెళ్తే నేను రెండింటికీ మధ్యలో ఉన్న బార్మౌత్‌లో దిగుతాను. బీచ్ ఉంది, అదే రైలు లైన్, పైగా మౌథఖ్ నది ముఖద్వారం మీద పొడవాటి చెక్క వంతెన ఊరి పక్కనే.

టాలిల్లిన్ వాళ్ల వార్ఫ్ స్టేషన్ టవిన్ మెయిన్ స్టేషన్ నుంచి అయిదు నిమిషాల నడక. ప్లాట్‌ఫారం మీదకు వెళ్లగానే ఒక విషయం గమనించండి. పెట్టెలకు తలుపులు ఒకవైపే ఉంటాయి. 1866లో తనిఖీకి వచ్చిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు, వంతెనల కింద పెట్టెకీ గోడకీ మధ్య జాగా చాలదన్నాడు. వంతెనలు కూల్చి కట్టడం కంటే పట్టాలను ఒక పక్కకు జరిపి, రెండోవైపు తలుపులు మూసేయడం చవక అనుకున్నారు. ఆ సర్దుబాటే ఇప్పటికీ సాగుతోంది.

ఏడు మైళ్ల పై చిలుకు దూరం, గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. తొందరేమీ ఉండదు. డోల్గోచ్ (ఇంజిన్ పేరే, ఇక్కడ స్టేషన్) దగ్గర ఎత్తైన ఇటుక వంతెన దాటి దిగితే కొద్ది నడకలోనే జలపాతాలు. అక్కడ దిగి తరవాతి రైలు పట్టుకోవడం మేం చేసిన మంచి పని. అబెర్గనోల్విన్‌లో టీ దొరుకుతుంది. చివరి స్టేషన్ నాంట్ గ్వెర్నోల్‌కు రోడ్డే లేదు, రైలు దిగితే అడవిలో కాలిబాటలే. 1976లో వాలంటీర్లు పాత క్వారీ దారినే ప్రయాణికుల లైన్‌గా మార్చి అక్కడి దాకా పొడిగించారు. వార్ఫ్‌లో చిన్న గేజ్ రైల్వేల మ్యూజియం ఉంది, వాన పడితే (పడుతుంది) అక్కడ ఒక గంట ఇట్టే గడిచిపోతుంది.

మా రైలు గార్డు రిటైరైన పెద్దాయన. ఏటా సెలవులు ఇక్కడే గడుపుతానని, దారి ఖర్చులు తనవేనని చెప్పాడు. ఇంజిన్ మీదకు వెళ్లాలంటే మొదట మసి తుడిచే క్లీనర్‌గా చేరాలి, ఆ తరవాత బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్, పరీక్షలు దాటి ఏళ్ల తరవాత డ్రైవర్. పొద్దున రైలు బయల్దేరడానికి గంటల ముందే ఎవరో వచ్చి నిప్పు రాజేస్తేనే ఆవిరి తయారవుతుంది. ఆ రోజు ఆ పని చేసింది కాలేజీ వయసు అమ్మాయి. చేతులనిండా మసి, మొహమంతా నవ్వు. సర్వీసు అంటే ఇక్కడ హోటల్ మర్యాదలు కాదు. ప్రశ్న అడిగితే మాత్రం పావుగంట జవాబు చెబుతారు. నాకు పండగే. పిల్లలు నసపెడుతుంటే అదే పావుగంట టెన్షన్.

ప్రత్యేక రోజుల్లో వెళ్లాలా, మామూలు రోజుల్లోనా అని చాలామంది అడుగుతారు. ఈ రైల్వేలన్నీ ఏడాది పొడవునా ఏదో ఒక సందడి పెడుతుంటాయి: ఎక్కువ ఇంజిన్లు తిప్పే గాలా రోజులు, డిసెంబరులో శాంటా రైళ్లు. టవిన్‌లో అన్నిటికంటే విచిత్రమైనది ఆగస్టులో జరిగే రేస్ ద ట్రైన్. 1984 నుంచి నడుస్తోంది. పరుగెత్తేవాళ్లు పొలాలు, బురద, గట్లు దాటుకుంటూ దాదాపు 14 మైళ్లు రైలుతో పోటీపడతారు, వాళ్లను ఉత్సాహపరిచే బంధువులు రైల్లో ఉంటారు. రైలుని ఓడించేవాళ్లూ ఉన్నారు. ఆ సమయంలో ఊళ్లో గది దొరకడం కష్టం. ఇంజిన్ల పిచ్చి ఉంటే గాలాకి వెళ్లండి. కుటుంబంతో అయితే మామూలు రోజే మేలు. గాలా రోజున ప్రతి మలుపులో కెమెరాలు, కిటికీ సీటు దొరకదు, గార్డుకి మాట్లాడే తీరిక ఉండదు.

శాంటా రైళ్లు మనకు చిన్నపిల్లల వ్యవహారంలా కనిపిస్తాయి కానీ చాలా రైల్వేలకు చలికాలపు ఖర్చులు గట్టెక్కేది వాటితోనే. ఇంజిన్ బాయిలర్‌ని పదేళ్లకోసారి పూర్తిగా విప్పి బాగుచేయాలి. ఆ ఖర్చు మామూలుది కాదు. దానికి తోడు బొగ్గు. ఆవిరి ఇంజిన్లకు పేరుపడ్డ బొగ్గు వేల్స్‌దే. అక్కడ మిగిలిన పెద్ద గని ఫోస్-అ-వ్రాన్ 2023లో మూతపడింది. ఇప్పుడు విదేశాల నుంచి తెప్పించుకుంటున్నారు, బొగ్గుపొడిని ఉండలుగా చేసిన ఇంధనం కూడా వాడి చూస్తున్నారు. బొగ్గు గడ్డ మీద బొగ్గు దిగుమతి! ఎండలు మరీ ముదిరితే నిప్పురవ్వలకు గడ్డి అంటుకుంటుందని కొన్ని లైన్లలో డీజిల్ ఇంజిన్ కూడా తగిలిస్తారు. ఆవిరి ఇంజినే కావాలనుకుంటే ఆ పొద్దున ఒకసారి కనుక్కుని బయల్దేరండి.

ఇక మా ఆవిడ పక్షం. పోర్త్‌మడోగ్ నుంచి బ్లైనై ఫెస్టినియోగ్ దాకా పదమూడున్నర మైళ్లు, 1836 నాటి లైన్. మొదట్లో ఇంజిన్లే లేవు. పలకరాయి నిండిన బళ్లు వాలు మీద వాటంతట అవే దిగేవి, ఖాళీ బళ్లను గుర్రాలు పైకి లాగేవి, దిగేటప్పుడు ఆ గుర్రాలు కూడా ఒక బండెక్కి దర్జాగా వచ్చేవి. 1863లో ఆవిరి ఇంజిన్లు వచ్చాయి. రెండు వైపులా పొగగొట్టాలున్న ఫెయిర్లీ ఇంజిన్‌ను చూస్తే ఏది ముందో ఏది వెనకో తెలియదు.

ప్రయాణంగా చూస్తే ఇది టాలిల్లిన్ కంటే ఒక మెట్టు పైనే, ఒప్పుకోక తప్పదు. సముద్రపు కట్ట మీద మొదలై, అడవిలో ఎక్కుతూ, ద్వాల్ట్ దగ్గర లైన్ తన మీద నుంచి తానే చుట్టు తిరిగి పైకి పోతుంది. ఆ చుట్టు సరదాకి వేసింది కాదు. విద్యుత్ ప్రాజెక్టు జలాశయంలో పాత దారి మునిగిపోతే, వాలంటీర్లు కొండను తవ్వి కొత్త దారి వేసుకున్నారు. 1955లో మొదలైన పునరుద్ధరణ బ్లైనై చేరేసరికి 1982 అయింది. సీట్లు సౌకర్యంగా ఉంటాయి, డబ్బు ఎక్కువ పెడితే పెద్ద అద్దాల పుల్‌మన్ పెట్టె. మనుషులతో ముచ్చట్లకు మాత్రం టాలిల్లిన్‌కే నా ఓటు. ఇక్కడ జనం ఎక్కువ, పని అంతా చకచకా సాగిపోతుంది.

మెయిన్ లైన్ రైల్లో వస్తే పోర్త్‌మడోగ్ దాకా పోకుండా మిన్‌ఫోర్ద్‌లో దిగండి, రెండు స్టేషన్లూ అక్కడ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కాకపోతే కట్ట మీది ప్రయాణం పోతుంది. బ్లైనైలో మెయిన్ లైన్ రైలు పట్టుకుని లాండుడ్నో జంక్షన్ వైపు వెళ్లిపోవచ్చు, వచ్చిన దారినే తిరిగి రానక్కర్లేదు. మేం అలాగే చేశాం. పోర్త్‌మడోగ్ నుంచే కెర్నార్వన్‌కు 25 మైళ్ల వెల్ష్ హైలాండ్ లైన్ కూడా ఉంది, దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన భారీ గారట్ ఇంజిన్లతో. దానికి విడిగా ఒక రోజు కావాలి.

వేల్స్ దాకా వెళ్లే తీరిక లేకపోతే లండన్ విక్టోరియా నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ గంట దూరం. అక్కడి నుంచి బ్లూబెల్ రైల్వే, 11 మైళ్లు, బ్రిటన్‌లో మామూలు రైళ్ల గేజే. 1960లో వాలంటీర్లు తెరిచారు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా లైన్ కలపడానికి, ఒకప్పుడు లైన్ కోసం తవ్విన కందకం నిండా పోసిన చెత్తను తవ్వి తీసి 2013లో పని ముగించారు. ఒక్క రోజులో వెళ్లి రావడానికి దీన్ని మించింది లేదు.

టికెట్ కొనేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ కావాలా అని అడుగుతారు. అది అక్కడ పన్ను కట్టేవాళ్లకు, కాస్త విరాళం కలిపి కొంటే ప్రభుత్వం నుంచి రైల్వేకి అదనంగా డబ్బు వస్తుంది. మనలాంటి సందర్శకులు వద్దని చెప్పి మామూలు టికెట్ తీసుకోవచ్చు, ఇవ్వాలనిపిస్తే హుండీ ఉంటుంది. చలికాలంలో చాలా రోజులు రైళ్లే ఉండవు, మిగతా నెలల్లో కూడా రోజుకో రకం టైంటేబుల్. రైల్వే క్యాలెండర్ చూసుకున్నాకే హోటల్ బుక్ చేయండి.