అనంతపురంలో "ఒరిజినల్ వీటెక్" అని తిరుగుతున్న ఎర్ర హోండా సిటీతో జాగ్రత్త

అనంతపురం, ధర్మవరం, హిందూపురం వైపు పాత హోండా సిటీ వీటెక్ (మామూలు సిటీ కంటే ఊపున్న ఇంజన్‌తో వచ్చిన మోడల్) కోసం వెతుకుతున్న అన్నలకు, తమ్ముళ్లకు ఈ మాట. వెనక స్పాయిలర్, పక్కన వీటెక్ స్టిక్కర్, తళతళలాడే ఎర్ర పెయింట్‌తో ఒక కారు అమ్మకానికి ఉంది. అది వీటెక్ కాదు.

ఊళ్లోని ఒక కార్ కన్సల్టెన్సీలో దానికి 20 వేలు టోకెన్ కట్టాను. మా మెకానిక్ చూసి సరేనంటేనే మిగతా డబ్బు అని ముందే చెప్పాను, వాళ్లూ ఒప్పుకున్నారు. "బెంగళూరు డాక్టర్ బండి అన్నా, సింగిల్ ఓనర్, లాగి చూడు, విమానమే" అన్నాడు అక్కడి కుర్రాడు.

మా మెకానిక్ బోనెట్ ఎత్తాడు. ఇంజన్ మూత మీద పెద్ద అక్షరాలతో వీటెక్ అని ఉంది. గోటితో గీరితే అంచు లేచింది, అతికించిన అక్షరాలు. ఆ తర్వాత సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగం, వాల్వులుండే చోటు) పక్కన చేయి పెట్టి తడిమి, "ఇక్కడ ఉండాల్సింది ఏదీ నాయనా?" అన్నాడు. వీటెక్ ఇంజన్‌లో హెడ్‌కు బిగించి ఒక సోలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు, ఉంటుంది, దానికి వైరు వచ్చి ఉంటుంది. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) బాగా పెరిగాక అది తెరుచుకుని రాకర్ ఆర్మ్‌లలోని, అంటే వాల్వులను నొక్కే మీటల్లోని, పిన్నుల మీదికి ఆయిల్ ప్రెజర్ పంపుతుంది. పిన్నులు జరిగి రాకర్లు ఒకదానికొకటి లాక్ అవుతాయి, అప్పటినుంచి ఆ మీటలను తోసే కామ్‌లలో పెద్దదాని లెక్కన వాల్వులు ఎక్కువ తెరుచుకుంటాయి. ఇంజన్ గొంతు మారేది అక్కడే. 2003లో ఆగిపోయిన ఆ మోడల్ కోసం కుర్రాళ్లు ఈరోజుకీ ఊళ్లు తిరిగేది ఆ గొంతు కోసమే. ఈ కారులో సోలినాయిడూ లేదు, వైరూ లేదు.

"ఆర్సీలో 1493 సీసీ ఉంది కదన్నా" అని ఆ కుర్రాడి వాదన. వీటెక్ కాని మామూలు 1.5 లీటర్ల ఇంజన్‌కూ అదే 1493. ఆర్సీలో సీసీ చూస్తే 1343 ఇంజన్ ఉన్న 1.3 కాదని తెలుస్తుందంతే, వీటెక్ అని తేలదు. కాబట్టి బోనెట్ తీయించండి, హెడ్ చూడండి, రోడ్డు మీద 5 వేల ఆర్‌పీఎం దాటించి వినండి. "ఇంజన్ చల్లగా ఉంది, ఇప్పుడు లాగొద్దు" అంటే వేడెక్కే దాకా కూర్చోండి.

టోకెన్ వాపసు అడిగితే అసలు కథ మొదలైంది. క్యాష్ ఇవ్వరట, వేరే బండిలో అడ్జస్ట్ చేస్తారట. ఫోన్ తీసి నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీఆర్ ఫొటోలు చూపించాడు. ముంబై పార్టీ, జపాన్ ఇంపోర్ట్, 35 లక్షలు, పేపర్లన్నీ క్లియర్ అట.

ఆ కారంటే నాకు ప్రాణం. 2.6 లీటర్ల ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. కాగితం మీద 280 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి లెక్క) మాత్రమే ఉంటుంది, ఎందుకంటే అప్పట్లో జపాన్ కంపెనీలు అంతకు మించి చూపించకూడదని తమలో తాము మాట అనుకున్నాయి. (కియా ఫ్యాక్టరీ పెనుకొండలో పెట్టుకుని జపాన్ పిచ్చి ఏంట్రా అని మా బావ రోజూ దెప్పుతాడు, అది వేరే సంగతి.) కానీ ఆ మోడల్ 2002లోనే ఆగిపోయింది. మన దేశంలోకి వాడిన కారు దింపుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై పోర్టు మీదుగానే రావాలి, ఆపైన కస్టమ్స్ సుంకం కట్టాలి. ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఈ దారిలో పేపర్లు ఎలా వస్తాయి? నిస్సాన్ కంపెనీయే 2016 చివర్లో ఇక్కడ కొత్త జీటీఆర్‌ను 1.99 కోట్ల ఎక్స్ షోరూం ధరకు తెచ్చింది. 35 లక్షల మాట వినగానే అనుమానం రావాలి.

ఇలాంటివి కొన్ని కార్నెట్ మీద వస్తాయి. అంటే కొన్నాళ్లు తిప్పుకుని దేశం దాటించాల్సిన బండి, ఇక్కడ అమ్మడానికి వీల్లేదు. ఇంకొన్నిటికి వేరే కారు ఆర్సీ తగిలిస్తారు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో దాడులు చేసి, భూటాన్ మీదుగా దొంగదారిలో వచ్చాయంటూ ల్యాండ్ క్రూయిజర్లతో సహా చాలా బండ్లు పట్టుకున్నారు. బండి పోయాక "నాకు తెలియదు సార్" అంటూ ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది కొన్నవాడే. ఇంపోర్ట్ అంటే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో వేసే కాగితం) అడగండి, అందులోని ఛాసిస్ నంబరును బండి మీద కొట్టిన నంబరుతో పక్కపక్కన పెట్టి చూడండి. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపిస్తాననేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

కొంచెం స్పీడ్ రక్తం ఉన్న జపాన్ కారు కావాలంటే నా ఓటు 2006లో వచ్చిన హోండా సివిక్‌కే. 1.8 లీటర్లు, 132 పీఎస్, కంపెనీ ఇక్కడే అమ్మిన కారు. కింద బాగా తక్కువ ఎత్తు, మన పల్లెల స్పీడ్ బ్రేకర్ల మీద గీసుకుంటుంది, అదొక్కటే బాధ. కర్ణాటక బండి అయితే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క ముందే తేల్చుకోండి. 15 ఏళ్లు దాటితే ఆర్సీ రెన్యువల్ అయ్యిందో లేదో సర్కారు వెబ్‌సైట్ పరివాహన్‌లో చూడండి.

నా టోకెన్ ఇంకా రాలేదు. కట్టిన యూపీఐ రసీదు, మెకానిక్ షరతుకు "ఓకే అన్నా" అన్న వాట్సాప్ మెసేజ్ నా దగ్గర ఉన్నాయి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నా. ఇదే ఎర్ర సిటీకి టోకెన్ కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం.