కడపలో డోలక్, అనంతపురంలో కీబోర్డు, కర్నూలులో గొంతు: నాలుగేళ్ళు వాడాక

కొన్న వారానికే రాసే రివ్యూలు చాలా ఉన్నాయి, ఇది నాలుగు ఎండాకాలాలు చూశాక రాస్తున్నది. మేం ముగ్గురం, ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉండి ఒకే పాటని ఇళ్ళలోనే రికార్డు చేస్తాం. నేను కడపలో ఉంటాను, డోలక్ నాది, మిక్సింగ్ కూడా నా నెత్తినే పడింది. కీబోర్డు మా బావమరిది, అనంతపురం. పాడేది మా అక్క, కర్నూలు. ముగ్గురి దగ్గరా సామాను దాదాపు ఒకటే: రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే పెట్టె), ఒక మైక్, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, పాత ల్యాప్‌టాప్, అందులో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, సొంతానికి వాడుకునేవాళ్ళకి లైసెన్స్ 60 డాలర్లు. మేం పెట్టిన డబ్బుల్లో దానికి పెట్టిందే గిట్టుబాటు.

మా ఇంట్లో నేలంతా కడప బండలే. నా మొదటి రికార్డింగ్ విని అక్క, "ఏంరా, బావిలో కూచోని వాయించినావా?" అనింది. కండెన్సర్ మైక్ కదా, డోలక్‌తో పాటు బండల మీద పడి తిరిగొచ్చే మోత, ఫ్యాను, వీధిలో ఎర్రగడ్డల ఆటో మైకు, అన్నిటినీ ఎత్తుకునేది. కింద జంపఖానా పరిచి, వెనకాల దండెం మీద రెండు బొంతలు వేలాడదీశాక సగం పోయింది, మిగతా సగం ష్యూర్ ఎస్ఎం57కి మారాక పోయింది. 1965 నుంచి ఉన్న మైక్ అది, కేబుల్ గుండా మైక్‌కి పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా అడగదు, డోలక్‌కి జానెడు దూరంలో పెడితే దూరపు సంగతులు పెద్దగా పట్టించుకోదు. ఫ్యాన్ మాత్రం ఆపాల్సిందే. మే నెలలో ఫ్యాన్ ఆపి వాయించడం ఎలా ఉంటుందో కడపవాళ్ళకి చెప్పక్కర్లేదు, పైగా ఎండకి డోలక్ చర్మం బిగిసి పొద్దున తీసిన టేక్, మధ్యాహ్నం తీసిన టేక్ ఒకదానికొకటి అతకవు. అందుకే ఐదింటికే లేచి పని ముగించుకుంటాను.

రెండో ఏడు ఎండాకాలంలో రికార్డింగ్ నిండా బుయ్యిమని మోత. కేబుళ్ళు మార్చా, ఇంటర్‌ఫేస్‌ని సర్వీస్ సెంటర్‌కి పంపా, నెల ఉంచుకుని ఏమీ లేదని తిప్పి పంపారు, కొరియర్ ఖర్చు మాత్రం నాది. చివరికి ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే మోత ఆగింది! ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత చూసి, ఎండిపోయింది, రెండు బకెట్ల నీళ్ళు పొయ్యి అన్నాడు. పోస్తే చాలా తగ్గింది. ఇప్పుడు ఏప్రిల్ నుంచి కరివేపాకు చెట్టుతో పాటు దానికీ నీళ్ళు పోస్తున్నా, టేక్ తీసేటప్పుడు మాత్రం బ్యాటరీ మీదే.

ఇక అందరూ అడిగేది, ముగ్గురూ ఒకేసారి వాయించొచ్చా అని. నెట్ మీద ఒకరి శబ్దం ఒకరికి అప్పటికప్పుడు చేరవేసే సోనోబస్‌తో ప్రయత్నించాం, అది ఉచితం. కానీ శబ్దం చేరడానికి 25, 30 మిల్లీసెకన్లు దాటితే తాళం నిలవడం కష్టం. మాకు సాయంత్రాలు 60 దాకా పోయేది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 60 అంటే ఇరవై మీటర్ల అవతల నిలబడిన మనిషితో తాళం కలిపినట్టు. నీకోసం నేను, నాకోసం నువ్వు ఆగుతూ పోతాం, పాట ఈడ్చుకుంటూ పోతుంది. ఇప్పుడు దాన్ని వరస కుదుర్చుకోవడానికే వాడుతున్నాం, రికార్డింగ్ ఎవరి ఇంట్లో వాళ్ళదే.

ఫైళ్ళు పంపుకోవడంలో ఒక్కసారి గట్టిగా దెబ్బతిన్నాం. అక్క ఐదున్నర శ్రుతిలో పాడి పంపింది, నా దగ్గర తెరిస్తే ఆరుకీ ఆరున్నరకీ మధ్య ఎక్కడో, కొంచెం చిన్నపిల్ల గొంతులా వినబడింది. ఫోన్‌లో అరగంట గొడవ. తీరా చూస్తే ఆమె ఇంటర్‌ఫేస్ 44.1 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటులో (అంటే సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తూ) నడిచింది, ఫైల్ మీద 48 అని పడింది. అప్పటి నుంచి ముగ్గురం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ దాటి పోవడం లేదు. ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ, కాబట్టి వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డ్రైవ్‌లోనే పెడతాం. ప్రతి ఫైలూ పాట మొదటి సెకను నుంచే ఉండాలి, ముందు రెండు నిమిషాలు మౌనమైనా సరే, అప్పుడే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఈ ఒక్క మాట మా బావమరిది చెవికెక్కడానికి ఏడాది పట్టింది.

ఇంత చేసినా ఓడిపోయింది చెక్కభజన దగ్గరే. ప్రొద్దుటూరు దగ్గర మా మేనమామ ఊళ్ళో భజన గుంపు ఉంది, వాళ్ళ వరస ఒకటి తీసుకుని చెవిలో క్లిక్ (ఒకే వేగంలో టిక్కుటిక్కుమనే తాళం) పెట్టి వాయించాను, వింటే స్కూల్ డ్రిల్లులా ఉంది. చెక్కభజన అంటేనే నెమ్మదిగా మొదలై జోరెక్కుతుంది, గురువు అడుగు చూసి మిగతావాళ్ళు మారుస్తారు, అది క్లిక్‌కి ఎలా తెలుస్తుంది? పోయిన సంక్రాంతికి ల్యాప్‌టాప్ ఊరికే మోసుకుపోయాం. డోలక్‌కి ఒక మైక్, చెక్కలకి ఒకటి. మొదటి టేక్‌లో చెక్కల మొన దెబ్బకి ఎర్ర లైటు వెలిగి అంతా పగిలిపోయింది, మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా మైక్ గెయిన్ దించి మళ్ళీ తీశాం. ఇంటికొచ్చి రెండు రాత్రులు కూర్చుని తాళం తాళానికీ రీపర్‌లో టెంపో గుర్తులు పెట్టాను: మొదట్లో నిమిషానికి 88 దెబ్బలు, ఆఖర్న 140 పైచిలుకు. దాని మీద అనంతపురం నుంచి కీబోర్డు, కర్నూలు నుంచి గొంతు వచ్చి కూర్చున్నాయి, ఎక్కడా అతుకు తెలియలేదు.

గురువుకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "అంతా బాగుంది గానీ అబ్బీ, నా గజ్జెలు యాడికి పోయినాయి?" అన్నాడు. కాళ్ళ దగ్గర మూడో మైక్ పెట్టాల్సింది, ఇంటర్‌ఫేస్‌కి ఉన్నది రెండు ఇన్‌పుట్‌లే. కొత్తగా కొనేవాళ్ళు ఇంకొంచెం డబ్బు కూడేసుకుని నాలుగు ఇన్‌పుట్‌లది తీసుకోండి, నాది అమ్మకానికి ఉంది.