మెనోపాజ్ సెగలకి ఏది మేలు: పిల్లిపీచరా, అశ్వగంధా, అవిసె గింజలా?

ముట్లు నిలిచే వయసులో ఉన్నట్టుండి గుండెల మీంచి మొహం దాకా సెగ ఎగదన్నుకొచ్చి, జాకెట్టు తడిసిపోయి, కాసేపటికే చలి వేస్తుంటే ఏం వాడాలి? ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు ఈ మాట డాక్టరు కంటే ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్ళ చెవిన పడుతుంది. ఒకావిడ పిల్లిపీచర పాలు తాగమంటుంది. ఇంకొకావిడ అశ్వగంధ చూర్ణం అంటుంది. హైదరాబాద్‌లో ఉన్న కూతురు అవిసె గింజలు తినమ్మా అని ఫోన్లో చెబుతుంది. ఆన్‌లైన్లో తెప్పించిన విదేశీ క్యాప్సూల్ సీసా కూడా ఎవరో ఒకరి బీరువాలో ఉండనే ఉంటుంది. అన్నీ మంచివేనంటారు కానీ, ఏ బాధకి ఏది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకే వస్తోంది, పాశ్చాత్య దేశాల్లో 51 దాకా పడుతుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే చోటు అతిగా స్పందిస్తుంది. వేడి కొంచెం పెరిగినా చాలు, చెమట పట్టించేస్తుంది. అమెరికాలో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళని గమనిస్తూ చేసిన అధ్యయనంలో ఈ సెగలు సగటున ఏడేళ్ళకి పైగానే ఉంటాయని తేలింది. అంటే వేసవి ఉక్కలా నెలా రెండు నెలల్లో పోయేది కాదు. ఏం వాడినా ఏళ్ళ తరబడి వాడాలి కాబట్టి, పని చేస్తుందా అన్నదానితో పాటు అన్నాళ్ళు వాడితే ఒంటికి ఏమవుతుంది అన్నదీ చూసుకోవాలి.

ముందు పిల్లిపీచర. శాస్త్రంలో శతావరి అంటారు. కొండల మీద పెరిగే ముళ్ళ తీగ అది. తవ్వితే వేలెడు లావున, రెండు కొనలూ సన్నబడిన తెల్లటి దుంపలు గుత్తులు గుత్తులుగా వస్తాయి. పైపొర గోటితో తీస్తే వచ్చేస్తుంది, మధ్యలో ఉన్న నార లాగేసి ఎండబెట్టి దంచుకోవాలి. ఆ పొడి చెంచాడు పాలల్లో మరిగించి, కాస్త పటికబెల్లం వేసుకుని తాగుతారు. బాలింతలకి పాలు పడాలని మన అమ్మమ్మలు ఇచ్చిందీ ఇదే. అందుకే దీనిమీద మన ఆడవాళ్ళకి అంత నమ్మకం, ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయితే సెగల విషయంలో దీనిమీద జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దివి. బాలింతకి పనికొచ్చింది కాబట్టి యాభై ఏళ్ళావిడకీ పనికొస్తుందని అనుకోవడానికి లేదు. ఇందులో ఈస్ట్రోజన్‌లా పనిచేసే గుణం ఉందని అంటారు కనుక, రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదు. షుగరున్నవాళ్ళు పటికబెల్లం మానుకుని తాగాలి.

అశ్వగంధకి ఆధారం కొంచెం మెరుగ్గా ఉంది. మన దేశంలోనే ముట్లు ఆగడానికి ముందు దశలో ఉన్న ఆడవాళ్ళ మీద ఎనిమిది వారాల పరీక్ష జరిగి, 2021లో ఫలితాలు వచ్చాయి. పూటకి 300 మిల్లీగ్రాముల వేరు సారం చొప్పున రోజుకి రెండు పూటలు ఇచ్చారు. చివరిదాకా ఉన్నది 91 మంది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే అసలు మందు వాడినవాళ్ళకి మొత్తం మీద బాధలు తగ్గాయి. ఒక్క చిన్న పరీక్షని పట్టుకుని తేల్చేయలేం కానీ, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఉత్తినే టెన్షన్ పుట్టి, తెల్లారేదాకా దొర్లేవాళ్ళు కొన్ని వారాలు వాడి చూడొచ్చని నాకనిపిస్తుంది. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ని పెంచగలదు. అది పెరిగితే గుండె దడ, చెమటలు, నిద్రలేమి వస్తాయి. అంటే ఏ బాధ పోవాలని మొదలుపెట్టారో అదే ఇంకోదారిన వస్తుంది. లివరు దెబ్బతిన్న కేసులు కూడా అక్కడక్కడా వైద్య పత్రికల్లో వచ్చాయి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేయాలి.

అవిసె గింజల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తింటున్నది ఇవే. వీటిలో లిగ్నాన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి పేగుల్లో మారి ఈస్ట్రోజన్‌లాగా కొద్దిగా పనిచేస్తాయి కాబట్టి సెగలు తగ్గాలి అన్నది వాదన. వాదన బాగానే ఉంది. అమెరికాలో 188 మందికి ఆరు వారాలు పరీక్ష పెట్టారు, 2011లో ఫలితం చెప్పారు. అవిసె తిన్నవాళ్ళలో మూడోవంతు మందికి సెగలు సగానికి తగ్గాయి. అవిసె లేని ఉత్తుత్తి బార్ తిన్నవాళ్ళలో కూడా దాదాపు అంతమందికే తగ్గాయి! మందు కాని మందు వేసుకున్నా ఈ బాధ చాలామందికి కొంత తగ్గుతుంది. "నాకు తగ్గింది వదినా, నువ్వూ వాడు" అనే మాట అబద్ధం కాకపోయినా సాక్ష్యంగా చాలకపోవడానికి కారణం ఇదే.

అయినా అవిసె గింజల్ని నేను వద్దనను. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర వేసి పొడి కొట్టుకుంటే వేడన్నంలోకి బాగుంటుంది. పీచు ఉంటుంది, మలబద్ధకం పోతుంది, కొలెస్ట్రాల్ కొంచెం దిగుతుంది. గింజలు గింజలుగా మింగితే అలాగే బయటికి పోతాయి, పొడి చేసుకునే తినాలి, పైన నీళ్ళు బాగా తాగాలి. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉంచండి.

సోయాకి సెగల మీద ఇంకొంచెం బలం ఉంది. చాలా పరీక్షల్ని కలిపి 2012లో లెక్కగడితే, సోయాలోని ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉత్తుత్తి మాత్ర కంటే దాదాపు 20 శాతం ఎక్కువగా సెగల సంఖ్యని తగ్గించాయి. అందరికీ ఒకేలా పనిచేయదు. పేగుల్లోని కొన్నిరకాల బ్యాక్టీరియా ఉన్నవాళ్ళలోనే ఇది ఈక్వాల్ అనే పదార్థంగా మారుతుంది, వాళ్ళకే ఎక్కువ ఫలితం అంటారు. రోజూ ఒక పూట ఉడికించిన సోయా గింజలో, మీల్ మేకర్ కూరో తింటే పోయేదేమీ లేదు, ప్రొటీన్ ఎలాగూ వస్తుంది.

విదేశీ క్యాప్సూళ్ళ మాట క్లుప్తంగా చెప్పేస్తాను. బ్లాక్ కోహోష్ అనే అమెరికా మూలిక మీద 16 పరీక్షల్ని 2012లో ఒకచోట పెట్టి చూసినా పనిచేస్తుందని చెప్పేందుకు చాలినంత ఆధారం దొరకలేదు. లివరు దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె కూడా సెగలకి ఉత్తుత్తి మాత్రని మించలేదు. వందలు పోసి కొనడానికి నాకు కారణం కనపడదు. అతిమధురం కలిసిన పొడులు రోజూ తింటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది.

అన్నిటికంటే నాకు భయం పేరూ ఊరూ లేని పొట్లాలంటే. రెండు పూటల్లో తగ్గిపోతుందని చేతిలో పెడతారు, అందులో ఏముందో రాసి ఉండదు. ఇంటర్నెట్లో అమ్మే ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే దాదాపు అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయని 2008లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. సంతలో సవర గిరిజనులు తెచ్చిన గడ్డని కళ్ళారా చూసి, ఇంట్లో దంచుకున్నది ఆ పొట్లం కంటే నయం.

మన ఆడవాళ్ళు ఆ పొట్లం మింగుతారు కానీ తగ్గిన ఈస్ట్రోజన్‌ని బయటినుంచి ఇచ్చే హార్మోన్ మాత్ర అనగానే బెదిరిపోతారు. ఆ భయం ఈ మాత్రల మీద 2002లో వచ్చిన అమెరికా అధ్యయనం నుంచి మొదలైంది. అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. పదివేలమందికి ఏడాదికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. ఆ తర్వాత లెక్కలు విడదీసి చూస్తే, అరవై లోపు వయసులో, మెనోపాజ్ వచ్చి పదేళ్ళలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకి నష్టం కంటే లాభమే ఎక్కువని తేలింది. ఇక్కడ చెప్పినవాటన్నిటిలో సెగల్ని నాలుగింట మూడొంతుల దాకా తగ్గించగలిగేది ఇదొక్కటే. ఎముకలు గుల్లబారకుండా కూడా కాపాడుతుంది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, పక్షవాతం, లివరు జబ్బు ఉన్నవాళ్ళకి పనికిరాదు. వాళ్ళకి హార్మోన్ లేని మాత్రలు కూడా ఉన్నాయి.

కాబట్టి నా లెక్క ఇది. సెగలు రోజుకి రెండు మూడు వచ్చి పోతుంటే సోయా తిండిలోకి తెచ్చుకోండి, కాఫీ కొంచెం తగ్గించండి. బాధంతా నిద్రా ఆందోళనా అయితే, థైరాయిడ్, లివరు బాగుంటే అశ్వగంధ. పిల్లిపీచర పాలు ఇష్టమైతే తాగండి, సెగలు పోతాయని మాత్రం ఎదురు చూడకండి. ఎముకల బలానికైతే ఇవేవీ కావు, చోళ్ళు, అంటే రాగులు. మండియా అని ఒడియావాళ్ళు తినే గింజే. వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పొద్దున్నే అంబలి చేసుకోవచ్చు. రాత్రుళ్ళు పక్క తడిసిపోయి నిద్ర లేక పగలు పని చేయలేకపోతుంటే మూలికలతో నెలలు గడపొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఏది వాడినా ఒకసారికి ఒకటే వాడండి. రోజుకి ఎన్నిసార్లు సెగ వచ్చిందో గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి. మూడు నెలలకి గీతలు తగ్గకపోతే ఆపేయండి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క ఎర్రగా కనిపించినా అది వేడి చేయడం కాదు, గర్భసంచి చూపించుకోవాలి. బరంపురం వెళ్ళినా, శ్రీకాకుళం వెళ్ళినా, వాడుతున్న పొడులూ సీసాలూ అన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. తిడతారేమోనని అశ్వగంధ సంగతి దాచేస్తే, థైరాయిడ్ రిపోర్టు ఎందుకు మారిందో ఆయనకి అర్థం కాక ఉన్న మాత్ర మోతాదు మార్చేస్తారు.