పాత రాడ్ బ్రేకు సైకిలుకి డెల్టా క్రూయిజర్ 40-635 టైరు

రాడ్ బ్రేకుల (తీగల బదులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి) పాత సైకిలుకి టైర్లు వెతుకుతున్నవాళ్ళు ఇది చదవండి. నేను వేయించింది ష్వాల్బే కంపెనీ డెల్టా క్రూయిజర్, క్రీమ్ రంగుది, సైజు 40-635. చాలా నచ్చింది. టైరు ఎక్కించే లివర్లతో పని లేకుండా చేత్తోనే ఎక్కింది, గాలి కొట్టాక చక్రం తిప్పి చూస్తే రిమ్ము అంచుకీ టైరు పక్కనున్న సన్నటి గీతకీ మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉంది. సరిగ్గా కూర్చుందనడానికి అదే గుర్తు.

అయితే 28 అంగుళాలు అని మాత్రమే చూసి ఏ టైరూ కొనకండి, డబ్బులు దండగ. 28 పేరుతో 622, 635, 642 మూడూ అమ్ముతారు. ఈ మూడంకెల సంఖ్య టైరు అంచులోని తీగ రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. 40-635లో ముందున్న 40 టైరు లావు. 28 × 1½ అంటే 635, 28 × 1⅜ అంటే 642, 700సి అంటే 622. అంగుళాల లెక్క మొదట్లో గాలి నింపిన టైరు బయటి కొలతకి పెట్టింది, అందుకే టైరు సన్నబడితే రిమ్ము పెద్దదైంది. 26లో ఇంకా ఘోరం: 26 × 1¾ అంటే 571, 26 × 1.75 అంటే 559, లెక్కలో రెండూ ఒకటే కానీ ఒకదాని టైరు ఇంకోదానికి పనికిరాదు! నేను మొదట అడిగిన ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర అంగుళాలు తప్ప ఇంకేం లేవు, టైరు పక్క ఫోటో పెట్టమంటే జవాబే లేదు, అక్కడ కొనలేదు. నేను వేయించిన టైరు మీద మాత్రం అంగుళాలూ, మిల్లీమీటర్లూ రెండు కొలతలూ అచ్చు వేసి ఉన్నాయి.

రిమ్ము రకం కూడా చూసుకోండి. నాది వెస్ట్‌వుడ్, పక్కలు గుండ్రంగా ఉంటాయి, బ్రేకు రబ్బర్లు పుల్లల వైపు నుంచి పైకి లాగి పట్టుకుంటాయి కాబట్టి దానికి రిమ్ముని రెండు పక్కల నుంచీ నొక్కే కాలిపర్ బ్రేకులు కుదరవు. పక్కలు చదునుగా ఉంటే ఎండ్రిక్, అది కాలిపర్ కోసమే. రెండిటికీ పనికొచ్చేది వెస్ట్రిక్. టైరుకి ఈ పేర్లతో సంబంధం లేదు, 635 కలిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. ఈ పాత స్టీలు రిమ్ములకి టైరు అంచుని లోపల పట్టి ఉంచే కొక్కెం లాంటి మడత ఉండదు, అందుకని టైరు మీద రాసిన గరిష్ఠం దాకా గాలి కొట్టకండి, కాస్త తక్కువే ఉంచండి.